లజార్ ఇంటి మీద ఎలుగుబంటి

“బాంబా!” అంటూ నౌన్ తాత బల్ల కిందికి దూరాడు.

దూరేముందు తన కాఫీ కప్పునీ, పక్కనున్న రాకీ సారా గ్లాసునీ, గ్లాసు పట్టుకున్న రపో చేతినీ కలిపి ఒక్క తోపు తోశాడు. కాఫీ రపో ఒళ్లో పడింది, రాకీ నేలపాలైంది. ఒళ్లు కాలినందుకు రపో కిక్కురుమనలేదు. తడిసిన నేల వైపు చూసి మాత్రం, “అయ్యో, పాత సరుకు తాతా అది!” అని కళ్ల నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

“బాంబు కాదు తాతా, బొమ్మ! బొ-మ్మ!” గుమ్మంలో నిలబడ్డ పెట్రాక్ గొంతు చించుకున్నాడు.

“ఎవరింటి మీద వేశారు?”

“లజార్ ఇంటి మీద. వెయ్యలేదు, కట్టారు!”

“బాంబుని కట్టడమేంట్రా? పారిపోతుందనా?”

కాఫీ మిషను వెనక నిలబడ్డ పొలిక్సేని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వకూడదని ఆవిడకీ తెలుసు. తొంభై ఏడులో ప్రభుత్వం మాయమై, జనం ఆయుధాల గోదాములు పగలగొట్టి తుపాకులు పప్పుబెల్లాల్లా పంచుకున్న రోజుల్లో, ఎవరో మహానుభావుడు నౌన్ తాత కోళ్లగూట్లో ఒక బుట్టెడు గ్రెనేడ్లు దాచిపోయాడు. రెండు కోళ్లు వాటిని మూడు వారాల పాటు భక్తిగా పొదిగాయి కూడా. అప్పట్నించీ తాతకి ‘బ’ అక్షరం వినపడితే చాలు, బల్ల వెతుక్కుంటాడు.

“బొమ్మ తాతా! ఎలుగుబంటి బొమ్మ! దిష్టికి కడతారే, అది!” అని పొలిక్సేని ఆయన చెవిలో ఎలుగెత్తి చెప్పింది.

తాత బల్ల కింద నుంచి బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. “ఓ, ఎలుగుబంటా,” అన్నాడు. ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఎవరూ తనవైపు చూడటం లేదు. మూసుకున్నాడు.

చూడరు మరి. అప్పటికి కాఫీ కొట్లో ఉన్నవాళ్లంతా పెట్రాక్ చుట్టూ మూగారు.

“నిజంగా చూశావా, బావా?” అన్నాడు రపో.

“కోర్చా పట్నం నుంచి వ్యాను తెస్తూ మలుపు తిరిగానా, నా కంటికెదురుగా లజార్ ఇంటి మీద, ఇనప చువ్వకి వేలాడుతోంది. గోధుమరంగుది. ఒక చెవి లేదు.”

“చెవి సంగతి వదిలెయ్యి. మొన్న లేదుగా?”

“మొన్న లేదు. ఇవాళ ఉంది.”

పొలిక్సేని చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

గుర్‌బార్ధ అనే, గ్రీసు సరిహద్దుకి ఇవతలి ఈ కొండ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. కడుతున్న ఇంటికి నరుల కన్ను తగలకుండా పైన ఒక బొమ్మ వేలాడదీస్తారు. ఎలుగుబంటి కావచ్చు, కుందేలు కావచ్చు, గడ్డి కుక్కిన పాత చొక్కా కావచ్చు. ఇల్లు పూర్తయ్యాక దింపేస్తారు. పాడుపడిన ఇంటికి ఎవరూ కట్టరు; పాడుకొంపని చూసి కుళ్లుకునేవాడెవడు? కాబట్టి బొమ్మ కట్టారంటే పని మొదలైనట్టు. పని మొదలైందంటే మనిషి వస్తున్నట్టు. లజార్ ఇంటి మీద బొమ్మ ఉందంటే, లజార్ గ్రీసు నుంచి తిరిగొస్తున్నట్టు.

“చూశావా?” అంది పొలిక్సేని మొగుడితో, మెల్లగా.

“ఎలుగుబంటి కాఫీ తాగదే,” అన్నాడు పెట్రాక్.

ఆ మాట వెనక ఒక పందెం ఉంది.

*

తొంభై ఒకటిలో ప్రభుత్వం కూలిపోయింది, ఊరంతా కూలికిపోయింది. జరిగింది మొత్తం చెప్పాలంటే అంతే. అంతకు ముందు పక్క జిల్లాకి పోవాలన్నా కాగితం కావాలి. ఆ తర్వాత కాగితం లేకుండానే కొండలెక్కి గ్రీసులోని కస్తోరియా చేరారు. సహకార క్షేత్రాన్ని పంచుకున్నారు. సహకారం పోయి ఎవరి కారం వాళ్ల కూరలో మిగిలింది. పంచుకోగా మిగిలిన ద్రాక్షతోటని కోపంకొద్దీ వేళ్లతో సహా పీకారు. కొందరు గ్రీసు పోయారు. కొందరు ఇటలీ పోయారు. ఇటలీ అన్నది పేరుకే, పోయినవాళ్లెవరూ ఇటు రాలేదు, అటే ఉండిపోయారు. దూరం పోలేనివాళ్లు కోర్చాకి, రాజధాని తిరానాకి దిగారు. పోవలసినవాళ్లు పోయారు, ఉండవలసినవాళ్లు కూడా వలస అన్న మాట చివర ఉన్న ‘స’ పట్టుకుని ‘సరే’ అన్నారు.

పోయిన కొత్తల్లో ప్రేమ ఉండేది. గ్రీసులో కూలి చేసి ఇక్కడ ఇళ్లు మొదలుపెట్టారు. లజార్ కస్తోరియాలో బొచ్చుకోట్లు కుట్టే పనిలో చేరి, ఆ డబ్బుతో కింది అంతస్తు లేపాడు, పై అంతస్తుకి ఇనప చువ్వలు నిలబెట్టాడు. అంతలో తొంభై ఏడొచ్చింది. ఒకటికి మూడిస్తామన్న పిరమిడ్ కంపెనీల్లో దేశమంతా దాచుకుంది. ఈజిప్టులో పిరమిడ్ల కింద రాజుల్ని పాతారు, ఇక్కడ కూలీల్ని పాతారు. లజార్ డబ్బు కూడా ఆ సమాధిలోనే ఉంది. చువ్వలు మాత్రం అప్పట్నించీ ఆకాశం వైపు చేతులెత్తి నిలబడి ఉన్నాయి, తుప్పుపట్టి.

ఊళ్లో మిగిలిన చివరి వెలుగు పొలిక్సేని కాఫీ కొట్టు. ఒకప్పుడది సహకార సంఘం దుకాణం. ఇప్పుడు నాలుగు బల్లలు, పొయ్యి, ఒక ఇటలీ మిషను. పెట్రాక్ పొద్దున్నే వ్యానులో జనాన్ని కోర్చాకి దింపి, మధ్యాహ్నానికి తిరిగి తెస్తాడు. ఆ మధ్య దింపినంతమంది తిరిగి రావడం లేదు. ఒకరోజు వ్యాను ఖాళీగా తెచ్చి, తాళాలు బల్ల మీద పడేశాడు.

“పొలీ, ఇంక చాలే. కోర్చాలో మా పినతల్లి కొడుకు గది చూశాడు. బస్టాండు పక్కన కొట్టు పెడుతున్నాయన మన మిషను తీసుకుంటానన్నాడు.”

“మిషను పోతే ఊరు పోతుంది,” అంది ఆవిడ.

“మిషనుకీ ఊరికీ సంబంధమేంటే?”

“చెప్తా విను. ఇది ఆగితే మగాళ్లు ఇళ్లలో కూర్చుంటారు. ఇళ్లలో కూర్చుంటే పెళ్లాలతో పోట్లాడతారు. పోట్లాడితే పిల్లలు గుర్తొస్తారు. గుర్తొస్తే నీ వ్యానే ఎక్కి పోతారు. రపో పోతాడు, వెనక నౌన్ తాత పోతాడు. చివరికి నువ్వూ నేనూ మిగిలి, నీకు నేను కాఫీ అమ్ముకోవాలి.”

“నాకెప్పుడూ ఊరికేగా ఇస్తావ్.”

“అందుకేగా దివాలా తీశాం!”

ఇద్దరూ నవ్వారు. నవ్వాక పెట్రాక్ సూటిగా చూశాడు. “సరే, షన్ మిత్రి పండగ దాకా చూద్దాం. ఈలోపు ఈ ఊరికి ఒక్క కొత్త కాపురం రావాలి. ఒక్కటంటే ఒక్కటి. వస్తే మిషను కదలదు, నేనూ కదలను. రాకపోతే పండగ రోజున మిషను వ్యానులో ఎక్కుతుంది, దాని పక్కన నువ్వెక్కాలి. ఒప్పుకుంటావా?”

పొలిక్సేని తల అడ్డంగా ఊపింది. ఇక్కడ అడ్డంగా ఊపితే సరేనని.

చలికాలానికి ముందు గొర్రెల మందలు కొండ దిగేది, అద్దె ఒప్పందాలు ముగిసేది ఆ పండగనాడే. ఒప్పందం చేసుకున్నాక ఆవిడ రోజూ కొట్టు గుమ్మంలో నిలబడి రోడ్డు చూసేది. వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే, కానీ ఉండేవాళ్లు కాదు. వీపున మూటలు కట్టుకుని కొండలెక్కే చెక్ దేశం కుర్రాళ్లు, జర్మన్ జంటలు. కాఫీ తాగి, “ఇక్కడ పడుకోడానికి చోటుందా?” అని సైగలు చేసేవాళ్లు. ఆవిడ తల నిలువుగా ఊపేది, లేదని. వాళ్లు సంతోషపడి మూటలు దించేవాళ్లు. ఆ తర్వాత మళ్లీ మూటలు ఎత్తించడం ఒక పెద్ద పని.

అలాంటి పరిస్థితిలో ఎలుగుబంటి వేలాడింది.

*

మర్నాడు పొద్దున్నే ఊళ్లో ఒక చప్పుడు మొదలైంది. టంగ్, టంగ్, టంగ్. పొలిక్సేని తలుపు తీసి చూస్తే, రపో వాకిట్లో కూర్చుని రాతి సుత్తికి పదును పెడుతున్నాడు. మూడు తరాల తాపీ వంశం వాడిది. కస్తోరియాలో సగం ఇళ్లు వాడు కట్టినవే. నడుము విరగ్గొట్టుకుని తిరిగొచ్చాక సుత్తిని కోళ్లు బయటికి రాకుండా గూటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏంటి రపో అన్నయ్యా, నడుం నొప్పి ఏమైంది?”

“నొప్పి నడుముకేగా చెల్లెమ్మా, సుత్తికి కాదుగా! లజార్ వస్తే మొదట అడిగేది నన్నే. అప్పుడు తుప్పు సుత్తి చూపించమంటావా?”

సుత్తితో ఆగలేదు. లజార్ ఇంటి దారిలో ముళ్లపొదలు కొట్టేశాడు. దొర్లిపోయిన రాళ్లు ఏరి పేర్చాడు. అది చూసి ఆడవాళ్లు ఊటనీళ్ల తొట్టికి సున్నం కొట్టారు. ఒకావిడ వాకిట్లో పూలకుండీ పెట్టింది. పక్కావిడ ఊరుకుంటుందా, రెండు పెట్టింది. పొలిక్సేని కోర్చా నుంచి కొత్త కప్పులు తెప్పించింది. కప్పులు తెచ్చిన పెట్రాక్, “ఎలుగుబంటికి పళ్లెం అక్కర్లేదా?” అని అడిగి, పళ్లెంతోనే ఒకటి తిన్నాడు.

ఇంటి మెట్లు మాత్రం ఎవరూ ఎక్కలేదు. బొమ్మ కట్టిన ఇంట్లో యజమాని కన్నా ముందు కాలు పెడితే అరిష్టం. కింద నుంచే మెడలెత్తి చూసి, మెడలు పట్టేసి, కొట్టుకొచ్చి కాఫీ తాగేవాళ్లు. కాఫీ తాగుతూ వాదించుకునేవాళ్లు.

“అసలెవరు కట్టుంటారు? లజార్ రాలేదుగా?”

“ఎవరికో చెప్పి కట్టించుంటాడు. రాత్రికి రాత్రి.”

“మనకి చెప్పకుండానా?”

“చెప్తే మన దిష్టే తగులుతుందని!”

అందరూ ఆ మాట మెచ్చుకున్నారు. తమ కన్ను అంత శక్తిమంతమైనదని ఎవరికి మాత్రం ఇష్టం ఉండదు? నౌన్ తాత ఒక్కడే మూలన కూర్చుని కప్పులోకి చూస్తూ ఉండేవాడు. అడిగితే, “నాకు వినపడలేదు,” అనేవాడు.

పొలిక్సేని ఎలుగుబంటిని ఫోనులో ఫొటో తీసి ఊరి గుంపుకి పంపింది. ఆ గుంపుదొక వింత: ఊళ్లో ఉన్నవాళ్లకన్నా ఊరు విడిచినవాళ్లే పదింతలు. అదిగో లజార్ ఇల్లు లేస్తోంది అని రాయగానే మిలాన్ నుంచి, బారి నుంచి, తెస్సలోనికి నుంచి శుభాకాంక్షలు కురిశాయి. ఒకడు ఏడుస్తున్న ముఖం బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, “మా ఇంటి కప్పు ఎలా ఉంది, పిన్నీ?” అని అడిగాడు. ఊళ్లో ఇంకా కప్పు ఉందని వాడికి గుర్తున్నందుకే ఆవిడకి సంతోషమేసింది.

లజార్ నుంచి మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు.

“దిష్టి భయం,” అన్నాడు రపో ధైర్యంగా.

రోజులు గడిచాయి. వానలు పడ్డాయి. ఎలుగుబంటి తడిసి, ఆరి, మళ్లీ తడిసి, బరువెక్కి కాస్త కిందికి జారింది. ఒక్క సిమెంటు బస్తా రాలేదు. కాఫీ కొట్లో గొంతులు తగ్గాయి. రపో సుత్తి చప్పుడు ఆగింది. పొలిక్సేని కొత్త కప్పులు తుడిచిందే తుడుస్తూ, రోడ్డు వైపు చూసిందే చూస్తూ ఉండిపోయింది.

షన్ మిత్రి పండగ వచ్చింది. లజార్ రాలేదు.

*

“మాట మాటే కదా, పొలీ,” అన్నాడు పెట్రాక్. గొంతులో గెలిచిన గర్వం లేదు; అదే ఆవిడకి ఎక్కువ బాధ.

“నేను కాదన్నానా?”

రపో, ఇంకో ఇద్దరూ కలిసి మిషను మరలు విప్పారు. దుప్పట్లో చుట్టి వ్యాను వెనక సీట్ల మధ్య కూర్చోబెట్టారు. మిషను లేచిన చోట చెక్క మీద తెల్లటి చదరం మిగిలింది. పొలిక్సేని పాత రాగి గిన్నె తీసి, పొయ్యి మీద అందరికీ చివరి కాఫీ కాచింది. ఎవరూ చక్కెర చాల్లేదనలేదు. రపోకి మసీదు పండగలు, పెట్రాక్‌కి చర్చి పండగలు. ఇన్నేళ్లూ రెండు పండగలకీ ఒకటే కాఫీ. ఇవాళ మొదటిసారి అది చేదుగా ఉంది.

మిషను పిడి ఊడితే దాన్ని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, పొలిక్సేని వ్యాను ముందు సీట్లో కూర్చుంది. పెట్రాక్ బండి కదిపాడు.

“ఏడుస్తున్నావా?”

“లేదు. ఆవిరి.”

“మిషను ఆపేసి ఉందిగా!”

“నేను ఆపలేదుగా,” అంది ఆవిడ ముక్కు తుడుచుకుని.

రెండో మలుపు దగ్గర ఎదురుగా ఒక వెండిరంగు కారు. గ్రీసు నంబరు. కొండ దారి, ఒకవైపు రాయి, ఒకవైపు లోయ, రెండు బండ్లు పట్టవు. ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి. కారు హారన్ కొట్టింది. వ్యాను ఇంకా గట్టిగా కొట్టింది.

కారు కిటికీలోంచి ఒక బట్టతల బయటికొచ్చింది. “ఒరేయ్ పెట్రాక్! వెనక్కి పోనీరా!”

“ముందు నువ్వు పోనీరా, లజారూ!” అని అరిచాకగానీ పెట్రాక్‌కి తానెవరిని పిలిచాడో తెలియలేదు.

పొలిక్సేని పిడితో సహా కిందికి దూకింది. “లజార్! వచ్చావా! ఇంటికే వచ్చావా!”

“రాక? నా ఇంటి మీద ఎవడు కడుతున్నాడో చూసి, వాడి నడ్డి విరగ్గొట్టడానికే వచ్చాను! ఎవడు వదినా వాడు?”

“ఎవడేంటి? నువ్వేగా!”

“నేనా? నేను కస్తోరియాలో కూర్చుని, ఇక్కడ నా ఇల్లు నాకే తెలియకుండా కడతానా?”

పొలిక్సేనికి గుండె జారి, చేతిలో పిడి కూడా జారబోయింది. అంటే లజార్ కట్టడం లేదు. ఇన్ని రోజులూ ఊరంతా మెడలు విరుచుకుని చూసిందంతా ఉత్తదే. లజార్‌కేమో గుంపులో శుభాకాంక్షలు చూసి కడుపు మండిపోయింది. భూములు పంచినప్పట్నించీ ఎవడి స్థలంలో ఎవడు గోడ లేపుతాడో తెలియని దేశం ఇది. తన ఇంటిని ఎవడో కబ్జా చేశాడనుకుని, నోరు మూసుకుని, కారు తీసుకుని వచ్చేశాడు.

కారు రెండో వైపు నుంచి ముప్పై దాటిన ఒక అమ్మాయి దిగింది. లజార్ కూతురు కలియోపి. ఊరు వదిలినప్పుడు చంకలో ఉన్న పిల్ల.

“పెట్రాక్ మావయ్యా, మీరే వెనక్కి పోనిస్తారా?” అంది మర్యాదగా. “మా నాన్నకి రివర్స్ రాదు. వచ్చుంటే ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెనక్కొచ్చేవాడు.”

పెట్రాక్ కాసేపు ఆ పిల్లని చూశాడు. ఆ తర్వాత వ్యాను వెనక్కి పోనిచ్చాడు. మలుపు తర్వాత మలుపు, అద్దంలో చూసుకుంటూ, కాఫీ మిషనుని వెనకడుగుల మీద ఊళ్లోకి తీసుకొచ్చాడు.

*

హారన్లు విని వచ్చిన ఊరంతా లజార్ ఇంటి ముందే ఉంది. ఎవరో పాకంలో ఊరిన చెర్రీ గ్లికో పళ్లెంలో తెచ్చారు, ఎవరో వేడి వేడి లక్రోర్ రొట్టె తెచ్చారు. లజార్ రెండింటినీ తోసేసి, కొట్టేసిన పొదల్నీ పేర్చిన రాళ్లనీ చూపించాడు.

“ఇవెవరు పేర్చారు?”

“నేనే,” అన్నాడు రపో ఛాతీ విరిచి.

“ఎవరు పేర్చమన్నారు?”

“నీ ఎలుగుబంటి!”

“నేను ఎలుగుబంటిని కట్టలేదు!”

రపో చేతిలో సుత్తి మెల్లగా కిందికి దిగింది. ఒకావిడ గ్లికో పళ్లేన్ని శాలువా కింద దాచుకుంది.

“ఆగండి, ఈ గొడవేదో తేల్చేస్తా,” అంటూ లజార్ మెట్లెక్కాడు. యజమాని ఎక్కాక ఊరు ఆగుతుందా? వెనకే అందరూ ఎక్కారు. పైన కప్పు లేని నేల మీద, కాళ్ల కింద ఏదో పటపటమంటున్నా ఎవరూ చూసుకోలేదు. చూపులన్నీ చువ్వ మీదే. లజార్ చెయ్యి చాచి ఎలుగుబంటి కాలు పట్టుకున్నాడు.

“దింపకు!” అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

చెయ్యి ఆగింది.

“సగం కట్టిన ఇంటి మీద బొమ్మ దింపుతావా?” అన్నాడు రపో. “మొదటిసారి ఏం జరిగిందో మర్చిపోయావా? అప్పుడు చెవినిల్లు కట్టుకుని పోరాను, బొమ్మ కట్టరా అని. ‘ఇవన్నీ ముసలి నమ్మకాలు’ అన్నావ్. ఏమైంది? మొత్తం పిరమిడ్ మింగింది.”

అది నిజమే. అందరికన్నా బాగా తెలిసినవాడు లజారే. ఆ తప్పుని కస్తోరియాలో ప్రతి బొచ్చుకోటులోనూ కుట్టుకుంటూ బతికాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దింపితే అరిష్టం, దింపకుండా వదిలేస్తే ఎలుగుబంటి తన ఇంటి మీద, తాను పరాయి ఊళ్లో.

“మరెప్పుడు దింపాలి?” అన్నాడు, గొంతు తగ్గించి.

“ఇల్లు పూర్తయ్యాక,” అన్నాడు రపో. “అదీ శాస్త్రం.”

ఈలోగా కలియోపి గదులన్నీ తిరిగి వచ్చింది. కింద పొయ్యి గది బాగానే ఉంది. చువ్వల మధ్య నిలబడి లోయ వైపు చాలాసేపు చూసింది. పొలిక్సేని దగ్గరికొచ్చింది.

“అత్తా, దారిలో ఇద్దరు కనపడ్డారు, వీపున మూటలతో. వాళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటారు?”

“ఎక్కడేంటమ్మా, కోర్చాలో. ఇక్కడ చోటేది? రోజూ అడుగుతారు, రోజూ లేదంటాను.”

“రోజూ అడుగుతారా?”

“మంచు పడేదాకా.”

కలియోపి తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, నేను పెద్దయినప్పట్నించీ ఎవరి హోటల్లోనో పక్కలు వేస్తున్నాను. నీ కోట్ల పనేమో మూతబడింది. మనిద్దరం ఎవరి కోసం ఎదురు చూస్తున్నాం?”

“కప్పు లేదే, తల్లీ.”

“రాళ్లున్నాయి. పేర్చి కూడా ఉన్నాయి. మేస్త్రీ సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. కింది గదిలో పొయ్యి ఉంది. నెల తిరిగేసరికి నేనొచ్చి ఉంటాను. చలి తగ్గగానే నువ్వు, అమ్మా రండి. వచ్చేవాళ్లకి మూడు గదులిద్దాం.”

లజార్ చువ్వల్ని చూశాడు. కూతుర్ని చూశాడు. చుట్టూ ఉన్న ముఖాల్ని చూశాడు. వాటిలో చాలా ముఖాలకి తాను వదిలి వెళ్లినప్పుడు ముడతలు లేవు. చివరికి కుడి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

“మాటిస్తున్నా,” అన్నాడు. “కప్పు వేస్తాం.”

ఇక్కడ ఇచ్చిన మాట ఇనప చువ్వలాంటిది. తుప్పు పట్టచ్చుగానీ విరగదు. అది తెలిసిన పొలిక్సేని మొగుడి వైపు తిరిగింది. పెట్రాక్ గెడ్డం గోక్కున్నాడు.

“ఇది కాపురం లెక్కలోకి వస్తుందంటావా?” అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి ఊపింది. మెడ ఊడిపోతుందేమో అన్నంతగా ఊపింది.

“సరే సరే, ఆ పిడి ఇలా ఇయ్యి,” అన్నాడు పెట్రాక్. “మళ్లీ మరలు బిగించాలి.”

అప్పుడు, కొండవైపు గోడ మీంచి ఒక పలక వాల్చుకుని, చేతిలో గోనెసంచితో నౌన్ తాత దిగాడు. ఆయన పెరడు లజార్ ఇంటి పై నేలకి సరిగ్గా సమాన ఎత్తులో ఉంటుంది. దిగి, అందరి కాళ్ల వంకా చూసి, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“అయ్యో, నా అక్రోట్లన్నీ తొక్కేశార్రా!”

అందరూ కిందికి చూశారు. నేలంతా పరిచిన పరదా మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పగిలినవీ పగలనివీ అక్రోట్లు.

“ఇవి ఇక్కడెందుకున్నాయి, తాతా?” అని పొలిక్సేని ఆయన చెవిలో అరిచింది.

“ఎండబెట్టుకుంటున్నా! ఇంత చదునైన నేల ఊళ్లో ఇంకెక్కడుంది? లజార్‌ని అడగలేదు, తప్పే. ఉన్నాడా అడగడానికి? పిట్టలూ కాకులూ ఒక్క కాయ మిగలనివ్వడం లేదు. అందుకని మా మనవడి ఎలుగుబంటిని తెచ్చి కట్టా. వాడు ఇటలీలో, బారిలో ఉన్నాడు, దానికిక్కడ పనేంటి? దానికీ ఒక చెవి లేదు, నాకూ లేదు, ఇద్దరం కలిసి కాపలా కాద్దామనుకున్నా.”

“మొదటి రోజే చెప్పచ్చుగా!” అన్నాడు పెట్రాక్.

“చెప్పబోయాను. మీరెవరూ నా వంక చూస్తేగా? మర్నాడు చెబుదామని లేచా. అప్పుడు రపో సుత్తి మోగింది. టంగ్, టంగ్, టంగ్.” తాత ఉన్న చెవిని వేలితో తట్టుకున్నాడు. “ఎన్నేళ్లయిందో నాకొక చప్పుడు అంత బాగా వినపడి. చెవిటివాడికి కూడా వినపడ్డ చప్పుణ్ణి నేనే ఆపించనా?”

మెట్ల మీద చోటు దొరక్క కింద నిలబడ్డవాళ్లు, “ఏంటంట? ఏంటంట?” అని అడుగుతున్నారు. పెట్రాక్ వంగి, బాంబు కాడ్నించి అక్రోట్ల దాకా, లజార్ కట్టలేదని, కబ్జా ఎవరూ చేయలేదని, ఎలుగుబంటి దిష్టికి కాదు కాకులకని, మొత్తం అరిచి చెప్పాడు. పై నుంచి కింది దాకా నవ్వు మెట్లు దిగింది.

పొలిక్సేని మాత్రం నవ్వలేదు. మాట వెనక్కి తీసుకుంటాడేమోనని లజార్ కళ్లలోకి చూస్తోంది. లజార్ వంగి, ఒక అక్రోటు తీసి, రపో సుత్తితో కొట్టి, సగం కూతురికిచ్చి, సగం తాను నోట్లో వేసుకున్నాడు.

“బొమ్మ అక్కడే ఉంటుంది,” అన్నాడు నములుతూ. “కప్పు పడేదాకా. ఏం తాతా, కాకులు పోయాయా?”

ఇది తాతకి ఒక్కసారికే వినపడింది.

“కాకులు పోవడానికేగా బాబూ కట్టింది,” అన్నాడు సంచిలోకి కాయలు ఏరుకుంటూ. “దానికి మనుషులొస్తారని నాకేం తెలుసు?”